ఆదోని – ఎమ్మిగనూరు పొలముగట్లు

ఆదోని యనగానే పత్తియు, ఎమ్మిగనూరనగానే మగ్గమును జ్ఞప్తికి వచ్చుట సహజము. ఆ రెంటిని చూచుటకే మేమును గడచిన భాద్రపద మాసమున బయలుదేరితిమి. కాని తిరిగి వచ్చునప్పుడు మా మనస్సున నిలిచినవి పత్తి బోరెములు కావు, నేతదుప్పట్లు కావు. ఒక పొలముగట్టున మోకాళ్లపై కూర్చుండి, ఒక ముదుసలి అవ్వ మాకు లెక్కించి చూపిన పదియారు రకముల మొక్కలు నిలిచినవి. ఆ లెక్క యెట్లు పుట్టినదో, దానివలన మేము తెలిసికొన్న దేమో సోదరీమణులకు విన్నవించుటకే యీ వ్యాసము.

మా వదినగారి పుట్టినిల్లు ఈ రెండు పట్టణములకు నడుమనున్న యొక చిన్నపల్లె. ఆమె తోడు లేనిచో ఈ ప్రయాణమే మాకు తటస్థింపదు. గుంతకల్లున బండి మారి, రాయచూరు వైపు పోవు రైలెక్కి ప్రొద్దున్నే ఆదోనిలో దిగితిమి. దిగినంతనే కంటికెదురుగా నిలుచునవి కొండలు. గుండుమీద గుండు పేర్చినట్లున్న ఆ రాతికొండలమీద నొకప్పుడు దక్కనున నెన్నదగిన దుర్గ ముండెను. విజయనగర ప్రభువుల యేలుబడిలో నుండి, 1565 నాటి తళ్లికోట యుద్ధము తరువాత నది బిజాపూరు సుల్తానుల పాలైనది. సిద్ది మసూద్‌ఖాను కట్టించిన జామియా మసీదు నేటికిని ఊరిలో చూడదగినది. 1786లో టిప్పుసుల్తాను ఈ దుర్గమును పట్టుకొనెను. 1800లో దత్తమండలములతోపాటు కుంఫిణీవారి చేతికి వచ్చి, చిరకాలము బళ్లారి జిల్లాలో నుండి, 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిదప ఆదోని కర్నూలు జిల్లాలో చేరినది.

మొదట రణమండల కొండమీది ఆంజనేయస్వామి దర్శనమునకు పోతిమి. మెట్లెక్కుచు వదిన దారిపొడవున మొక్కలకు పేర్లు చెప్పుచు వచ్చెను. బండల సందున పిడికెడు మన్నున్నచో చాలును, అచ్చట నొక కాపురము వెలసియున్నది. తంగేడు, కలివి, వెంపలి, తుమ్మి, మోకాలెత్తు సన్నగడ్డి, దానిలో నల్లుకొన్న చిన్న చిక్కుడుజాతి తీగ. ఎవరును నీరు పోయరు, ఎరువు వేయరు. అయినను ఒకదానిపై నొకటి పడక, ఎవరి చోటున వారు ఒదిగి బ్రతుకుచున్నవి. బండలమీద బూడిదరంగు మచ్చలు, పసుపురంగు మచ్చలు వేసినట్లుండగా నవి యేమియని యడిగితిమి. మసాలాలో మనము వాడు రాతిపువ్వున కవి చుట్టములని వదిన చెప్పెను. నాచును బూజును కలసి చేయు కాపురమే యీ రాతిపువ్వు. దీని మాట మరల వచ్చును గావున చదువరులు మనస్సున నుంచుకొనవలెను.

కొండ దిగి పత్తిబజారునకు పోతిమి. ఆంధ్రదేశమున పత్తివ్యాపారమునకు ఆదోని పేరుమోసినది. మొదటి తీతపత్తి అప్పుడప్పుడే వచ్చుచుండెను. బోరెములు విప్పి కుప్పలు పోయువారు, పిడికిట పట్టి పింజ పొడవు చూచువారు, ధర పలుకువారు, తూకము వేయువారు, వీరందరి నడుమ తలపాగా సవరించుకొనుచు తన కుప్పప్రక్కనే నిలుచున్న రైతు. అతని చూపు కుప్పమీద లేదు, ధర చెప్పువాని నోటిమీద నున్నది. ఆ కుప్పలో పిల్లల చదువున్నది, కూతురి పెండ్లి యున్నది, విత్తనమునకు ఎరువునకు తెచ్చిన యప్పున్నది. బజారు దాటిన వీథిలోనే యొక యెరువుల యంగడి. దానిముందు ఆధారుకార్డులు చేతబట్టుకొని యూరియాకై నిలుచున్న వరుస వీథిమలుపు దాటిపోయినది. ఆ వరుసలో వదిన తమ్ముడును కనబడెను. మాకు మరిది వరుస. మమ్ము చూచి సిగ్గుపడి నవ్వెను. “ఇంకొక రెండు సంచులు దొరికితే పని అయిపోతుంది వదినా” యనెను.

ఆదోనినుండి ఎమ్మిగనూరునకు సుమారు ముప్పది కిలోమీటరుల దారి. ఆ సంచులు రెంటిని ఆటోలో వేసికొని, వానిమీదనే కాళ్లు పెట్టుకొని, పల్లెకు బయలుదేరితిమి. ఇరుప్రక్కల నల్లరేగడి. నడుమనడుమ ఎర్రనేల. తుంగభద్ర దిగువకాలువ నీరు పారినచోట వరియు మిరపయు, పారనిచోట పత్తి, కంది, ఆముదము, వేరుసెనగ. వానదేవుడు ముఖము చాటువేసిన యేడు ఈ ప్రాంతపు కూలిజనము పిల్లాపాపలతో ఇండ్లకు తాళములు వేసి, గుంటూరు వైపు మిరపకోతకు వలసపోవుదురు. దానిని ఇచ్చట సుగ్గి యందురు. బడి మానిన పిల్లలు, ఇంట మిగిలిన ముసలివారు, ఇవి ఆ మాటవెంట వచ్చు చిత్రములు.

పూర్వము ఈ సీమలో ముంగారిపత్తి, హింగారిపత్తి యని రెండు నాటుపత్తు లుండెడివి. ముంగారిపత్తిని కొర్రతో కలిపి విత్తెడివారు. కొర్ర ముందు కోతకు వచ్చి గంజికి, పశువులమేతకు ఆధారమగును. పత్తి తరువాత చేతికి వచ్చును. ఒకటి పోయినను ఒకటి మిగులును. 2002లో మనదేశమున బీటీపత్తికి అనుమతి వచ్చిన పిదప పత్తిసాగు రూపు మారినది. విత్తనము కొనవలెను. కొన్నదానికి మేపు ఎక్కువ కావలెను. మేపు కొరకు సంచులు కొనవలెను.

ఇల్లు చేరితిమి. వదిన అవ్వకు ఎనుబది దాటినవి. మమ్ము చూచిన సంతోషములో, మధ్యాహ్నము జొన్నరొట్టెలోనికి గురుగాకుపప్పు చేసి పెట్టుదునని కొంగు బిగించి చేనికి పోయెను. గురుగన నిదియే తెలంగాణమున బతుకమ్మను పేర్చు గునుగు. లేతప్పుడు కూర, ముదిరినప్పుడు పువ్వు. గంటసేపటికి అవ్వ మరలివచ్చి ఒడి విప్పెను. పిడికెడు మించి లేదు. “గురుగాకుకు గూడా కరువొచ్చె తల్లీ! మేము పడుచుపిల్లలప్పుడు కలుపుదీసేకి పోతే గంపెడాకు తెచ్చుకుంటాంటిమి. గురుగు, చెంచలి, దొగ్గలి, తుమ్మి, అటికమామిడి, ఒక్కోదినం ఒక్కో కూర. ఇప్పుడు చేనంతా పత్తే. గట్టుమీద వయ్యారిభామ” యనెను. నవ్వుచునే చెప్పెను గాని, వట్టి చేతులతో వచ్చిన చిన్నతనము ఆమె ముఖమున కనబడుచుండెను.

మరిది ఊరుకొనలేదు. “అవ్వా, నీ గురుగాకు కోసం నేను అప్పులపాలు గావాల్నా? కలుపు వదిలిపెడితే పత్తి యెట్ల వస్తది? ఎరువు తగ్గిస్తే పక్కచేను నల్లగా నిగనిగలాడతాంటే మనది పసుపుబారతది” యనెను. నిజమునకు ఇద్దరును సత్యమే పలికిరి. అతని భార్య మూడునెలల బిడ్డను ఒడిలో నుంచుకొని ఏమియు పలుకక కూర్చుండెను. ఆ రాత్రి మేమును వదినయు అరుగుమీద పరుండి ఈ తగవునే తలపోసితిమి. మేమీ విషయమై కొంత చదివియుంటిమి. దానిని వంటింటి మాటలలో చెప్పవలసి వచ్చినచో నిట్లు చెప్పవచ్చును.

మనము పీల్చు గాలిలో నూటికి డెబ్బదియెనిమిది పాళ్లు నత్రజని. కాని చెట్టు దానిని తిన్నగా తినలేదు. తాళము వేసిన గాదెలోని ధాన్యము వంటిది. కంది, పెసర, వేరుసెనగ మొదలగువాని వేళ్లబుడిపెలలో కాపురముండు సూక్ష్మజీవులు ఆ తాళము తీయగలవు. ఉరుములు మెరుపులు కొంత తీయును. వేలయేండ్లు భూమిమీది పచ్చదనమంతయు ఈ కొద్దిపాటి బత్తెముతోనే సర్దుకొని బ్రతికినది. 1909లో జర్మనీ దేశమున ఫ్రిట్జ్ హేబరు గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చు ఉపాయము కనిపెట్టెను. కార్ల్ బాష్ దానిని కర్మాగారమున కెక్కింపగా 1913 నుండి ఓపావులో అమ్మోనియా పెద్దయెత్తున తయారైనది. నాటినుండి గాదె తలుపు తెరచుకొన్నది. కోట్లమందికి ఆకలి తీర్చినదీ విద్య. దానిని తూలనాడుట కృతఘ్నత యగును.

అయితే పంక్తిలో వడ్డన మితిమీరినచో నేమగును? విస్తరిలో మిగిలినది వ్యర్థమగును, పారవేసినచోట కుళ్లును. మనదేశమున చేనికి వేసిన నత్రజనిలో పంట గ్రహించునది సగమునకు తక్కువే. తక్కినది మూడుదారుల పోవును. కొంత అమ్మోనియాయై గాలిలో కలియును. కొంత నైట్రేటుగా మారి నీటివెంట క్రిందికి దిగి బావులలో చేరును. మరికొంత నైట్రస్ ఆక్సైడను వాయువగును. ఇది బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 270 రెట్లు భూమిని వేడిచేయగలది. 2017లో మన శాస్త్రజ్ఞులు ఈ విషయమంతయు కూర్చి భారతదేశపు నత్రజని లెక్కయని యొక పెద్దగ్రంథము వెలువరించిరి. దాని సంపాదకులలో నొకరైన నందుల రఘురాముగారు తరువాత అంతర్జాతీయ నత్రజని సంస్థకు అధ్యక్షులుగ పనిచేసిరి. 2019లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సభయు నత్రజనిని పొదుపుగ వాడవలెనని తీర్మానించినది.

గాలిలో కలిసిన నత్రజని వానతో, ధూళితో మరల నేలకు దిగును. ఎవరును ఎరువు వేయని గుట్టమీదను, గట్టుమీదను, అడవిలోను పడును. అచ్చట నేమి జరుగునో 2004లో కార్లీ స్టీవెన్సను ఆంగ్ల పర్యావరణ శాస్త్రజ్ఞురాలు లోకమునకు తెలిపెను. ఆమె తన తోడివారితో బ్రిటను దేశమున 68 పచ్చికబయళ్లకు పోయి, రెండు మీటరుల పొడవు, రెండు మీటరుల వెడల్పు గల చదరములు పరచి, లోపలి మొక్కజాతులను లెక్కించెను. గాలినుండి ఏటేట హెక్టారునకు రెండున్నర కిలోల నత్రజని యెక్కువ పడినకొలది ఆ చదరమున ఒక్కొక్కజాతి తగ్గిపోయినదని తేలెను. రెండున్నర కిలోలు హెక్టారునకనగా ఎకరమునకు ఒక కిలో. మన 45 కిలోల యూరియాసంచిలో నత్రజని ఇరువది కిలోలకు పైగా నుండును. ఆ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచినప్పుడు మాకు గుండె ఝల్లుమన్నది.

జాతులెట్లు తగ్గును? విషము తిని చచ్చునట్లు కాదు. నాలుగైదు దుడుకుజాతులు, వడ్డన చూడగానే విజృంభించి పెరిగి, ఎండను మ్రింగివేయును. కొద్దిపాటితో బ్రతుక నేర్చిన సన్నమొక్కలు వాని నీడలో క్రుంగి, విత్తనము కట్టలేక మాయమగును. చిక్కుడుజాతి మొక్కలకు మరియొక నష్టము. తాళము తీయగల వాని విద్యకు విలువ పోవును. గాదె తెరచియున్న యింట తాళపుచెవి నెవరు లెక్కచేయుదురు? ఇంగ్లండున రోథంస్టెడ్డు క్షేత్రమున 1856లో మొదలిడిన పచ్చికబయలి ప్రయోగము నేటికిని సాగుచున్నది. ఏ యెరువును వేయని మడులలో నలుబది వరకు జాతులుండగా, అమ్మోనియా లవణమును మిక్కుటముగ వేసి సున్నము వేయని మడిలో రెండు మూడే మిగిలినవి. రాతిపువ్వు మరింత సుకుమారము. పెద్దమొక్కలు ఘనమీటరు గాలిలో మూడు మైక్రోగ్రాముల అమ్మోనియాను ఓర్చుకొనునట్లు శాస్త్రజ్ఞులు హద్దు పెట్టగా, రాతిపువ్వుజాతికి ఒక్కటే హద్దు.

మరునాటి ఉదయము మా వదినకొక ఆలోచన తోచెను. ఆ శాస్త్రజ్ఞురాలు చేసినదే మన మేల చేయరాదు? పలుపుత్రాడు తెచ్చి, మూరలు కొలచి, నాలుగుప్రక్కల రెండేసి మీటరులు వచ్చునట్లు మేకులు పాతితిమి. మొదటి చదరము మరిది పత్తిచేని గట్టున. రెండవది అవ్వ తనకని పట్టుపట్టి నిలుపుకొన్న అరయెకరము కొర్రచేని గట్టున. ఆ చేనికి ఏటికొకసారి గొర్రెలమంద కట్టించుటయే యెరువు, గుంటకయే కలుపుమందు. రెండు గట్లును ఒకే నేల, ఒకే వాన. అవ్వ మోకాళ్లపై కూర్చుండి చేతితో తడిమి పేర్లు చెప్పెను. వదిన వ్రాసెను. ఇరుగుపొరుగు ఆడపిల్లలు నలుగురైదుగురు చేరి, ఇది కొత్తది, అది చెప్పినదేయని వాదులాడుకొనిరి.

పత్తిచేని గట్టున ఆరు తేలినవి: వయ్యారిభామ, తుంగ, గరిక, దొగ్గలి, ఉత్తరేణి, గంగవాయిలి. కొర్రచేని గట్టున పదియారు. వానిలో గురుగు, చెంచలి, తుమ్మి, అటికమామిడి వంటి కూరలున్నవి. పిల్లిపెసర, వెంపలి వంటి చిక్కుడుజాతివున్నవి. నేల ఉసిరి వంటి మందుమొక్కలున్నవి. మూడింటికి అవ్వకును పేరు తెలియదు. “మా యమ్మకు తెలుసు” ననెను. ఆ మాట విని మేమందరము కొంతసేపు పలుకకుంటిమి. మొక్క పోవుట యొక నష్టము, మొక్క నిలిచియుండగనే పేరు పోవుట మరియొకటి.

మరిది అచ్చటికి వచ్చి, లెక్క చూచి, గడ్డము గీరుకొని, “ఇదంతా యూరియా చేసిందే అంటారా వదినా? నేను గట్టుకు కలుపుమందు గూడా కొడితిని గదా” యనెను. అతని మాట న్యాయమైనది. పత్తిచేని గట్టున జాతులు తగ్గుటకు కలుపుమందును, ట్రాక్టరుతో గట్టును చెక్కివేయుటయు, ఏటేట ఒకే పైరు వేయుటయు కారణములే. మన రెండుచదరముల లెక్క శాస్త్రమనిపించుకొనదు. అంతేకాదు, స్టీవెన్సు చూచినవి పులుపునేలలు. మనది సున్నపుపాలు గల నల్లరేగడి. అచ్చటి లెక్క ఇచ్చట అంకెకు అంకెగా వర్తింపదు. మరియు గంగవాయిలి, తోటకూర వంటివి ఎరువునేలలోనే మరింత బలియును. కావున ఎరువు వేసినచోట ఆకుకూరయే మొలవదనుట సరికాదు. మొలచునవి ఒకటి రెండు రకములై, తక్కినవి తప్పుకొనుననుటయే సరి. ఈ సంగతులన్నియు దాచక చెప్పితిమి. చెప్పినకొలది మరిది మాట మెత్తబడెను. తప్పు నీదేయని వేలు చూపినవానికంటె, తప్పు విడమరచి పంచి చెప్పినవానిని మనుష్యుడు నమ్మును.

నల్లరేగడి గుణమొకటి మాత్రము అతనికి పనికివచ్చినది. క్షారపునేలమీద యూరియాను పైపైన చల్లినచో అమ్మోనియాయై గాలిలోనికి లేచిపోవుట యెక్కువ. పదునున్నప్పుడు మొదళ్లవద్ద గుంటతీసి మన్ను కప్పినచో ఆ నష్టము తగ్గును. 2015 నుండి మనదేశపు యూరియాకంతటికి వేపనూనె పూయుటయు, నత్రజని త్వరగా జారిపోకుండుటకే. “మూడు సంచులు చల్లేదానికంటే రెండు సంచులు పూడ్చితే అంతే గదా” యని మరిది తనలో తాను లెక్కవేసికొనెను. సంచి ధర మూడువందల రూపాయలకు లోపే యగుటచేత ఎవరును లెక్కచూడరు. ప్రభుత్వము భరించు ధర అంతకు ఎన్నోరెట్లు. చవుకగ దొరికినది చేయిజారి పడుట లోకసహజము.

ఇంతవరకు మొక్కల మాట. ఇక బిడ్డ మాట. ఆ మధ్యాహ్నము మరిది భార్య డబ్బాపాలు కలుపుటకై చేనిబోరునుండి తెచ్చిన నీటిని పొయ్యిపై మరిగించుచుండెను. తనకు పాలు చాలుటలేదని అత్తవారి వైపువా రెవరో చెప్పగా నమ్మి, పదిదినములనుండి డబ్బాపాలు పట్టుచున్నదట. మేము చూచి నిశ్చేష్టులమైతిమి. నైట్రేటునకు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. త్రాగునీటిలో లీటరునకు 45 మిల్లీగ్రాములు మించరాదని మనదేశపు ప్రమాణము. 2024లో కేంద్ర భూగర్భజల సంస్థ ప్రకటించిన నివేదికలో, దేశమున పరీక్షించిన నీళ్లలో సుమారు అయిదింట నొకవంతు ఈ హద్దు దాటినవని యున్నది. ఎరువులే కాక, పెంటదిబ్బలు, మరుగుదొడ్ల గుంటలును దీనికి కారణములు. పెద్దలకు వెంటనే కీడు తోపకపోవచ్చును. ఆరునెలలలోపు పసికందులకు మాత్రము రక్తము ప్రాణవాయువును మోయు శక్తి తగ్గి, పెదవులు, గోళ్లు నీలమెక్కును. ప్రాణాపాయమగును.

ముఖ్యముగ తల్లులు గుర్తింపవలసినది, నీటిని మరిగించుటవలన సూక్ష్మజీవులు చచ్చును గాని నైట్రేటు పోదు. నీరు ఇగిరి తగ్గినకొలది అది మరింత చిక్కనగును. గుడ్డతో వడగట్టినను పోదు. ఆర్వో యంత్రముతో శుద్ధిచేసిన నీటిలో చాలవరకు తగ్గును. అన్నిటికంటె మేలైనది ఆరునెలలవరకు తల్లిపాలే పట్టుట. ఆ మాట మేము చెప్పకముందే అవ్వ పొయ్యిమీది గిన్నె దింపి పక్కనబెట్టి, మనుమరాలివంటి ఆ కోడలి తల నిమిరి, “నీకు పాలు లేవని ఎవరన్నారే? బిడ్డను గడియ గడియకు పట్టుకో, అవే వస్తాయి” యనెను. ఆ పిల్ల కన్నీరు తుడుచుకొని నవ్వెను. బోరునీరు ఒక సీసాలో పట్టించి, పరీక్షకై పంపు ఏర్పాటు మరిదియే చేసెను. అంతవరకు సంచి, చేను, గట్టు అని మాటాడిన యువకుడు, ఆ సీసాను వెలుతురున కెత్తి తేటగానున్న నీటిని చాలసేపు చూచుచు నిలిచెను.

మూడవదినము ఎమ్మిగనూరు చూచితిమి. పత్తి నూలై, నూలు బట్టయై మారు ఊరది. 1938లో మాచాని సోమప్పగారి పూనికతో స్థాపింపబడిన నేతగాండ్ర సహకారసంఘము ఈ పట్టణమునకు పేరు తెచ్చినది. ఆయనకు 1954లో పద్మశ్రీ బిరుదము లభించినది. మగ్గముల చప్పుడు మునుపటియంత లేదని పెద్దలు విచారముతో చెప్పిరి. నీలకంఠేశ్వరస్వామిని సేవించి, వీథిలో మేమొక దుప్పటి కొంటిమి. ఒక నేతగాని యింట వృద్ధురాలు పడుగు సరిచేయుచు, “ఒక్క పోగు తెగితే కనబడదమ్మా, నాలుగు తెగితే బట్ట నిలవదు” అని తన పనినిగూర్చి చెప్పినమాట, మాకు గట్టుమీది పదియారింటిని తలపించినది.

మరలుచు దారిలో నొక పొలమున, వానలకు ముందే నవధాన్యములు కలిపి చల్లి పెంచిన పచ్చిరొట్ట జాడలు వదిన చూపెను. ఇది ఆంధ్రప్రదేశమున 2016 నుండి రైతు సాధికార సంస్థ నడపు ప్రకృతి వ్యవసాయమున నొక పద్ధతి. పొదుపుసంఘముల స్త్రీలే దానికి వెన్నెముక. 2024లో ఆ కార్యక్రమమునకు పోర్చుగలు దేశపు గుల్బెంకియన్ బహుమానము, మరి యిద్దరితో పంచుకొనగా, లభించినది. అప్పున్న ప్రతిరైతును ఒక్కయేట సంచులు మానుమనుట మాకు ధర్మముగ తోపదు. నష్టము వచ్చినచో మనము తీర్చువారము కాము గదా. కాని ఒక మూల, ఒక గట్టు, నాలుగు సాళ్లు అని మొదలిడుట ఎవరికిని భారము కాదు.

మేము బయలుదేరునాడు మరిది చేసినదియు నదే. తెచ్చిన రెండుసంచులలో నొకటి విప్పి, చల్లక మొదళ్లవద్ద పూడ్పించెను. రెండవది కట్టు విప్పక వసారాలో నుంచెను. ఎనిమిది సాళ్లకు మాత్రము యూరియా మాని, దిబ్బ యెరువును వేపపిండియు వేసి, గుర్తుగ పాతగుడ్డలు కట్టిన పుల్లలు పాతెను. కొర్రచేని గట్టునకు కలుపుమందు కొట్టనని అవ్వకు మాట యిచ్చెను. ఈ వ్యాసము వ్రాయునాటికి పత్తితీత పూర్తికాలేదు. ఆ యెనిమిది సాళ్లలో దిగుబడి తగ్గునో నిలుచునో మేమెరుగము. తగ్గినచో ఆ మాటయు నిజముగ చెప్పుమని మరిదిని కోరితిమి.

బండి యెక్కునప్పుడు అవ్వ మా చేతిలో నొక చిన్నమూట పెట్టెను. విప్పి చూడగా గురుగువిత్తులు. నల్లగ, ఆవగింజకంటె చిన్నవిగ, నిగనిగలాడుచు నున్నవి. “మీ పెరట్లో చల్లండి. ఎరువేయొద్దు” అనెను. సోదరీమణులారా, మీ యూళ్ల పొలముగట్లమీదను ఇట్టి అవ్వలుందురు. వారు లేచి నడువగలిగినప్పుడే ఒకనాడు త్రాడు పట్టుకొని వారివెంట పొండు. చదరములోని మొక్కలు లెక్కించి, పేర్లు వ్రాసికొనుడు. మీ యింట పసిబిడ్డ యున్నచో, గట్టుకంటె ముందు బావినీరు పరీక్ష చేయింపుడు.